పచ్చగళ్ళ సీట్ల బండి

పాత క్యాంపర్ వ్యాను కొన్నామని చెప్పే చెల్లెళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది కర్టెన్ల గురించి. ఏ రంగు నప్పుతుందక్కా, గుడ్డ ఎక్కడ తీసుకోమంటావు అని. కర్టెన్ల దగ్గరికి తప్పకుండా వద్దాం, నాకూ గుడ్డలంటే ప్రాణమే. కానీ యాభై ఏళ్ళ నాటి బండిని లోపల బాగుచేసుకునేటప్పుడు కంటికి కనిపించే పనంతా ఆఖర్న చెయ్యాలి. కనిపించని పని ముందు. ఆ వరస తప్పిందా, పైన పటారం లోన లొటారమే. కొత్త పరుపులూ కొత్త తెరలూ వేసుకుని రెండు వర్షాకాలాలు గడిచేసరికి చెమ్మ వాసనతో తలుపు తియ్యలేకపోయిన ఇళ్ళవాళ్ళు నాకు తెలుసు. పాపం, ఎంత డబ్బు పోశారో, ఎంత ఆశ పెట్టుకున్నారో.

మేముండేది ఇంగ్లండులో, బ్రిస్టల్ ఊళ్ళో. మా బండి 1976 నాటి ఫోక్స్‌వ్యాగన్ వెస్ట్‌ఫాలియా. కాలిఫోర్నియాలో తిరిగి తిరిగి ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. ఇక్కడ చాలామంది అక్కణ్ణుంచే తెప్పించుకుంటారు. అక్కడి పొడిగాలికి ఇనుము అంత తొందరగా తుప్పు పట్టదు. ఇక్కడేమో వాన ఒకటి, చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఒకటి, రెండూ కలిసి బండి అడుగుభాగాన్ని కొరికేస్తాయి. అయితే అమెరికా బండికి స్టీరింగు ఎడమవైపు, పక్కకు జరిగే పెద్ద తలుపు కుడివైపు ఉంటాయి. ఎడమపక్కన నడవాల్సిన ఈ దేశంలో రోడ్డు పక్క ఆపి ఆ తలుపు తీస్తే అడుగు పెట్టేది వచ్చేపోయే బళ్ళ మధ్యలోకే. చిన్నపిల్లలున్న తల్లులు కొనకముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది. మా ఇంట్లో రోడ్డు మీద ఆపితే అందరం డ్రైవరు తలుపులోంచే దిగాలని నియమం.

ఈ బళ్ళ పుట్టుక కొంచెం తెలిస్తే దాని లోపలి చెక్కపని మీద మీకు గౌరవం కలుగుతుంది, అందుకని చెబుతాను. హాలండులో ఫోక్స్‌వ్యాగన్ కార్లు అమ్మిన బెన్ పాన్ అనే ఆయన 1947లో తన నోటుపుస్తకంలో ఒక పెట్టె ఆకారం బండి గీశాడు. ఇంజను వెనకాల, డ్రైవరు ముందు, మధ్యలో అంతా ఖాళీ. 1950 మార్చిలో ఆ బండి తయారీ మొదలైంది. ఆ మరుసటి ఏడే జర్మనీలోని వీడెన్‌బ్రూక్ ఊరి వెస్ట్‌ఫాలియా కంపెనీ దానికోసం ఒక క్యాంపింగ్ పెట్టె తయారుచేసింది. అంటే బీరువాలూ పడకా అన్నీ ఒక సామానుగా కలిపి, కావాలనుకుంటే బండిలో పెట్టి, వద్దనుకుంటే తీసేసేలా. యుద్ధం ముగిసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు, రెండు బళ్ళు కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది? వారమంతా సరుకులు మోసి, సెలవులొస్తే అదే బండి కుటుంబాన్ని మోసేది. ఇంగ్లండులోనూ సిడ్‌మత్ ఊళ్ళో డెవాన్ పేరుతో, ఫోక్‌స్టన్‌లో డార్మొబీల్ పేరుతో ఇదే పని చేసేవాళ్ళు పేరు తెచ్చుకున్నారు. మా బండి రకం జర్మనీలో 1979 దాకా తయారైంది. బ్రెజిల్‌లో అయితే 2013 ఆఖరు వరకూ తయారవుతూనే ఉంది.

ఇప్పుడు లోపలికి రండి. బండి పొడవు మొత్తం నాలుగున్నర మీటర్లు, వెడల్పు 1.72 మీటర్లు. అందులో ముందుసీట్లకు పోను, ఇంజను అరకు పోను మిగిలేదెంత? ఆ కాస్త చోటులోనే సింకు, పొయ్యి, బట్టల బీరువా, ఒంటికాలి మీద తిరిగే బల్ల అమర్చారు. వెనక సీటు ముందుకు లాగితే ఇంజను మీదున్న పరుపుతో కలిసి మంచం అవుతుంది. పైకప్పు లేపితే ఇంకో పడక. చంటిపిల్ల ఉంటే ముందుసీట్ల పైన అడ్డంగా కట్టుకునే గుడ్డమంచం కూడా ఇచ్చేవాళ్ళు. బల్ల ఎక్కడికి తిప్పినా కూర్చున్నవాళ్ళ మోకాలికి తగలదు. బీరువా తలుపు తీసినా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి పక్కకు జరగనక్కర్లేదు. ఇల్లాలు ఒక చోట నిలబడి ఏం చేస్తుందో, చెయ్యి ఎక్కడికి చాస్తుందో గమనించినవాళ్ళు గీసిన నమూనా అది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. లోపలి పాత సామాను పీకి పారెయ్యకండి. ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే వరస. కొన్న వారంలో అంతా విరగ్గొట్టి చెత్తలో వేస్తారు, తెల్లరంగు పలకలూ లేత చెక్కా బిగిస్తారు, ఫొటో తీసుకుంటారు. ఫొటోలో బాగానే ఉంటుంది, కాదనను. కానీ మొద్దు చెక్కతో కొట్టిన బీరువాలు బరువు. మా బండి ఇంజను గాలితో చల్లబడే పాతరకం రెండు లీటర్లది, దాని బలం సుమారు 70 హార్స్‌పవర్. డెవాన్ ప్రాంతపు కొండలెక్కేటప్పుడు ఒక్కో కిలో దానికి తెలుస్తుంది. పైగా వెస్ట్‌ఫాలియా వాళ్ళ అసలు సామాను మళ్ళీ కావాలంటే విడిగా దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ఇప్పటికే ఎవరో పీకేసిన ఖాళీ బండి మీ చేతికొస్తే వేరే మాట, అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి. ఉన్నదాన్ని మాత్రం బతికించుకోండి తల్లీ.

బతికించుకోవాలన్నా ఒకసారి బయటికి తియ్యాలి. తీసే ముందు ప్రతి మూలా ఫొటో తీసుకోండి, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి. ఒక్కో బీరువా స్క్రూలు ఒక్కో సంచిలో వేసి, పేరు రాసి, ఆ బీరువాకే టేపుతో అంటించండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటాం గానీ, పని మధ్యలో పిల్లకు జ్వరం వస్తుంది, ఊరినుంచి చుట్టాలొస్తారు, నెలలు గడుస్తాయి. అప్పుడు ఆ సంచులే మిమ్మల్ని ఆదుకుంటాయి.

అన్నీ తీశాక గోడ పలకల వెనక చెయ్యి పెట్టి చూడండి. మా బండిలో గాజుపీచు కూరి ఉంది, కింది భాగం తడిసి ముద్దయి నల్లబడి ఇనుముకు అతుక్కుపోయింది. ముక్కుకి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని తియ్యండి. ఆ పీచు ఒంటికి తగిలితే ఒకటే దురద. అది తీస్తే గానీ తుప్పు బయటపడదు. కిటికీల కింది అంచు, చక్రాల పైనుండే గుండ్రటి భాగం, తలుపు గడప కింద, బ్యాటరీ పెట్టే పళ్ళెం, నేల మీది ప్లైవుడ్ అడుగు, ఈ చోట్లన్నీ స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. మొన ఆగితే పై తుప్పు, గీకి మందు పూస్తే సరిపోతుంది. మొన దిగబడిందంటే ఆ ఇనుము పోయినట్టే, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేస్తానని ఎవరైనా అంటే ఆ మనిషి చేత పని చేయించకండి.

తుప్పు తీసినా నీళ్ళు వచ్చే దారి మూయకపోతే మళ్ళీ మొదటికే. ఆ దారి కనిపెట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నీళ్ళ పైపు పట్టుకోవాలి. పైపు ధార సన్నగా పెట్టి కింద నుంచి పైకి రావాలి, ఒక్కో చోట కాసేపు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లకీ జారి ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో తేలదు. మా ఇంట్లో లోపల కూర్చుంది మా అమ్మాయి. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి వాలి తెరుచుకునే పక్క కిటికీలున్నాయే, వాటి మూలలో ఒక్క బొట్టు పుట్టి, రబ్బరు అంచు వెంట పాకి, పలక వెనక్కి దూరిపోవడం కళ్ళారా చూసింది. ఆ కిటికీలు ఈ బళ్ళకు అందం, గాలి కూడా బాగా వస్తుంది, కానీ కారడంలో పేరు మోసినవి. విప్పదీసి రబ్బర్లన్నీ కొత్తవి వేస్తేనే కుదుటపడతాయి. పైన సిలికాన్ పూసి ఊరుకుంటే నీళ్ళు ఇంకో దారి చూసుకుంటాయి. తలుపుల అడుగున, గడపల్లో చిన్న చిన్న కన్నాలుంటాయి, లోపలికి చేరిన నీళ్ళు బయటికి పోవడానికి. వాటిని ఏ జిగురుతోనూ మూసెయ్యకండి, పుల్ల పెట్టి శుభ్రం చేస్తూ ఉండండి.

ఇక్కడ ఇంజను మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. లోపలి అలంకారం అంటే ఇంజను సంగతెందుకూ అంటారేమో. వెనక మనం పడుకునే పరుపు కింద ఉన్నది ఇంజనేనమ్మా, పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో పదిశాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాతకాలం రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు, గట్టిపడి పగుళ్ళిస్తాయి. కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఈ పాత వ్యాన్లు తగలబడిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త గొట్టాలన్నీ వేయించి, ఒక మంటలార్పే సిలిండరు డ్రైవరు చేతికందేలా పెట్టాకే పరుపుల సంగతి చూడండి.

తర్వాత చలి, చెమ్మ. నలుగురు పడుకున్న బండిలో రాత్రంతా వదిలిన ఊపిరి తెల్లారేసరికి అద్దాల మీదా రేకుల మీదా నీళ్ళై కారుతుంది. మన వంట అయితే ఇక చెప్పక్కర్లేదు, అన్నం గంజి వార్చినా పప్పు ఉడికినా ఆవిరే. అందుకని గోడలకు నీళ్ళు పీల్చని ఫోము షీటు రేకుకు ఆనుకునేలా అంటించాం, మధ్యలో గాలి దూరే సందు లేకుండా. ఇక్కడ కొందరు గొర్రెబొచ్చు కూడా వాడతారు. అది చెమ్మను పీల్చి మళ్ళీ వదిలేస్తుంది, మంచిదే, కానీ గోడల అడుగునుండే ఇనుప గుల్లల్లో మాత్రం ఏదీ కూరవద్దు. ఎంత చేసినా రాత్రి కిటికీ ఒకటి వేలెడు తెరిచి ఉంచాల్సిందే. చలేస్తుందని అన్నీ బిగించుకుంటే బూజు ఖాయం.

కరెంటు పని తెలిసినవాళ్ళ చేత చేయించుకోండి. లైట్లకీ ఫ్రిజ్‌కీ వేరే బ్యాటరీ పెట్టి, బండి నడిచేటప్పుడు అది ఛార్జి అయ్యేలా, ఆగినప్పుడు ఇంజను బ్యాటరీని ముట్టుకోకుండా రిలే వేయించాలి. ప్రతి బ్యాటరీకీ ఆనుకునే ఫ్యూజు ఉందో లేదో మీరే స్వయంగా అడిగి చూడండి. నాకు ఎలక్ట్రికల్ తెలియదు కదా అని వెనక్కి తగ్గకండి. రోజూ మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మిషను నడిపేది మనమే.

గ్యాసు దగ్గర మాత్రం నేను మొహమాటం లేకుండా మాట్లాడతాను. యాభై ఏళ్ళ నాటి పొయ్యి ఎంత ముద్దుగా ఉన్నా దాని మీద వండకండి. గాలికి మంట ఆరిపోతే గ్యాసు దానంతటదే ఆగే ఏర్పాటు ఆ పాత పొయ్యిలలో ఉండదు. గ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీద పరుచుకుని మనం పడుకున్న చోటే నిలుస్తుంది. అందుకే సిలిండరు ఉండే అర లోపలివైపు పూర్తిగా మూసి ఉండాలి, దాని అడుగున బండి కిందికి పోయే కన్నం ఉండాలి. ఆ కన్నం మీద డబ్బానో గుడ్డో పెట్టి మూసెయ్యకూడదు. బ్రిటన్‌లో ఈ పనికి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న మనిషినే, అందులోనూ ఎల్పీజీ పనికి అర్హత ఉన్నవాళ్ళనే పిలవాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం తలగడ ఎత్తులో పెట్టుకోండి. ఆ విషానికి రంగూ లేదు, వాసనా లేదు. చలేస్తోందని పొయ్యి వెలిగించుకుని పడుకోవడం ఎప్పుడూ, ఎక్కడా వద్దు. ఇంకో చిన్న సంగతి. ఇక్కడ నీలిరంగు సిలిండర్లలో బ్యూటేన్ అమ్ముతారు, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, టీ కూడా కాగదు. చలికాలం తిరిగేవాళ్ళు ఎర్ర సిలిండరు ప్రొపేన్ తీసుకోవాలి. సిలిండరు మార్చినప్పుడు రెగ్యులేటరు కూడా దానికి తగ్గదే ఉండాలి.

అమ్మయ్య, భయపెట్టే మాటలు అయిపోయాయి. ఇప్పుడు చేతికి హాయినిచ్చే పని.

బీరువాలు ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించి చేసినవి. వాటిని ముందు గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఎన్ని ఏళ్ళ జిడ్డో, నీళ్ళు టీ రంగులోకి తిరుగుతాయి. సగం అందం అక్కడే తిరిగొస్తుంది. సన్‌మైకా లేచిన చోట కత్తి మొనతో దుమ్ము గీకి, రెండు వైపులా రబ్బరు జిగురు పలచగా పూసి, చేతికి అంటనంత వరకూ ఆరనిచ్చి, అప్పుడు నొక్కి పట్టాలి. తడిగా ఉండగా అంటిస్తే నిలవదు, తొందరపడకండి. నేలకు ఆనే అంచులు నీళ్ళు పీల్చి ఉబ్బి ఉంటాయి. ఉబ్బిన చెక్క ఎంత నొక్కినా మామూలు కాదు. ఆ పాడైన పట్టీ వరకూ సూటిగా కోసేసి, అదే మందం ప్లైవుడ్ ముక్క అతికించి, అంచులకు వార్నిష్ రెండు పూతలు వెయ్యాలి. ప్లైవుడ్‌కి నీళ్ళు అంచులోంచే దిగుతాయి, పైనుంచి కాదు. అంచు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ ఎండి ముడుచుకుపోయి ఉంటుంది, కొత్తది మీటర్ల లెక్కన దొరుకుతుంది, వేడినీళ్ళలో కాసేపు ఉంచితే మూలల దగ్గర మాట వింటుంది. గోడ పలకలు పాతవి విరిగినా పారెయ్యకండి. వాటిని కొత్త ప్లైవుడ్ మీద పరిచి పెన్సిలుతో గీసుకుంటే అదే కొలత. నాలుగు మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ ఈ బండి వంపుకు చక్కగా వంగుతుంది.

మావారు రంపం పట్టుకుంటానంటే నేను ఇవ్వలేదు. కొలతలూ కోతా నావే. చీరకు ఫాల్ కుట్టే చేతులకూ, జాకెట్టు కత్తిరించే చేతులకూ ఇది రాని పనేం కాదు. గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచే బుద్ధి మనకు పుట్టుకతోనే ఉంది.

సీట్ల దగ్గరికొస్తే నాకు మాటలు ఆగవు. ఆ రోజుల్లో వెస్ట్‌ఫాలియా బళ్ళకు గళ్ళగుడ్డ వేసేవారు. మా బండిది పచ్చగళ్ళు అని కాగితాల్లో ఉంది గానీ, చూడబోతే ఎండకు వెలిసి, గడ్డికీ మట్టికీ మధ్య ఏదో రంగులో ఉంది. బ్లేడుతో ఒక్కో కుట్టూ కోసి కవరు విప్పాను. కుట్టు లోపలికి మడిచిన అంగుళం గుడ్డ ఉంటుంది కదా, దాన్ని విప్పి వెలుగులో పెడితే లేత పచ్చ, ముదురు పచ్చ, మధ్యలో సన్నటి పసుపు గీత, నిన్ననే మగ్గం దిగినంత తాజాగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ సూర్యుడికి కనపడకుండా ఆ మడతలో దాక్కుంది ఆ రంగు. గుడ్డ దుకాణానికి ఆ అంగుళమే పట్టుకెళ్ళాను. పాత నమూనాల్లోనే కొత్తగా నేసిన గళ్ళగుడ్డ అమ్మేవాళ్ళున్నారు, సరిపోలిక దొరికింది.

విప్పిన పాత ముక్కలే కొత్తవాటికి నమూనా. ప్రతి ముక్క మీదా ఎటు పైన, ఎటు ముందు అని సుద్దతో రాసుకోండి. గళ్ళగుడ్డ అయితే మామూలుకంటే ఎక్కువ గుడ్డ తీసుకోవాలి, ఎందుకంటే సీటు మీది గీత వీపు మీది గీతతో కలవాలి. కలవకపోతే ఎంత బాగా కుట్టినా కళ్ళు అక్కడికే పోతాయి. ఇంట్లో కుట్టుమిషనే చాలు, పదహారు నంబరు సూది, గట్టి పాలిస్టర్ దారం వేసి, మందం ఉన్న చోట చక్రం చేత్తో తిప్పండి. జిప్పు సీటు వెనక అంచు మొత్తం పొడవునా పెట్టి, మూల తిప్పి పక్కకు కూడా కొంత తీసుకురండి. లేకపోతే ఉతకడానికి తీసిన కవరు మళ్ళీ తొడగడం ఇద్దరి వల్ల కూడా కాదు. ఫోము పది సెంటీమీటర్ల మందం, చేత్తో నొక్కితే వెంటనే లేచే గట్టిరకం తీసుకోండి. మెత్తగా ఉందని మురిసి తీసుకుంటే నడుం కింద పలక తగులుతుంది. బ్రిటన్‌లో 1988 నుంచి సోఫాల కోసం అమ్మే ఫోము మంటను తొందరగా అందుకోని రకమై ఉండాలని చట్టం. కొనేటప్పుడు ఆ గుర్తు చూసి తీసుకోండి. పాత ఫోము పొడిపొడిగా రాలుతుంటే దాన్ని మళ్ళీ వాడొద్దు.

సీటు బెల్టులు చెక్కకు బిగించకూడదు. పిల్లలు కూర్చునే సీటు బెల్టు బోల్టు బండి ఇనుముకు, దానికని ఉన్న చోటే దిగాలి. పక్కకు తిరిగి కూర్చునే సీటులో బండి కదిలేటప్పుడు ఎవరినీ కూర్చోనివ్వకండి. ఈ దేశంలో నలభై ఏళ్ళు దాటిన బండికి, పెద్ద మార్పులు చెయ్యకపోతే, ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు, రోడ్డు పన్ను కూడా ఉండదు. అయినా మేం ఏటా పరీక్ష చేయిస్తాం. మన పిల్లలు ఎక్కే బండి, చట్టం అడగకపోతేనేం?

ఇక కర్టెన్లు. నేను మంగళగిరి నూలు వేశాను. ఊరినుంచి మా అక్క పంపింది, గంధం రంగు, ముదురాకుపచ్చ నిజాం అంచు. గళ్ళ పక్కన మళ్ళీ పూలో బొమ్మలో ఉంటే కన్ను అలిసిపోతుంది, అందుకని సాదా గుడ్డ, అంచొక్కటే. ముందు ఉతికి ఆరేసి, అది ముడుచుకోవాల్సినంత ముడుచుకున్నాకే కత్తిరించాను. వెనక మందమైన అస్తరు వెయ్యకపోతే వేసవిలో ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుగొచ్చి నిద్ర లేపేస్తుంది, నూలు కూడా ఎండకు వెలిసిపోతుంది. పైనా కిందా రెండు తీగల మీద బిగించండి, కిటికీ గోడ వాలుగా ఉంటుంది కాబట్టి పైన ఒక్కటే ఉంటే గుడ్డ మంచం మీదకు వేలాడుతుంది. పొయ్యి పక్క కిటికీకి మాత్రం గుడ్డ వద్దు. అక్కడ తుడుచుకునే పలక ఏదైనా పెట్టుకోండి.

వంట సంగతి ఈ దేశపు పుస్తకాలేవీ రాయవు కాబట్టి నేనే చెబుతాను. మన తాలింపు వాసన ఫోములోకి దిగితే వదలదు. ఇంగువా ఎండుమిరపకాయలూ వేసే పోపు పైకప్పు లేపి, పెద్ద తలుపు తీసి పెట్టండి, లేదా చిన్న పొయ్యి బయట పెట్టుకోండి. కప్పు కింద ఉండే టెంటు గుడ్డ వంట ఆవిరికి తడిస్తే, తడి మీదే కప్పు దించేసి ఇంటికొచ్చినా, మర్నాడు మళ్ళీ లేపి ఆరబెట్టాల్సిందే. ఒక్క వారం మరిచినా నల్లచుక్కలు పడతాయి, అవి ఉతికితే పోవు. మూడు లీటర్ల కుక్కరు ఒకటి, దాంట్లో ఇమిడే రెండు గిన్నెలు, ఒక ఇనప పెనం, పోపుగరిటె, ఇవి చాలు మాకు. పచ్చళ్ళకు గాజు సీసాలు పెట్టను, మలుపుల్లో ఒకదానికొకటి కొట్టుకుంటాయి, స్టీలు మూత డబ్బాలే. అరల్లో కింద పాత తువ్వాలు పరిస్తే గలగల ఉండదు. బియ్యం, పప్పు, నీళ్ళలాంటి బరువులన్నీ కింది అరల్లో, రెండు చక్రాల వరసల మధ్యకు వచ్చేలా సర్దండి. పై బీరువాలో దుప్పట్లూ పిల్లల బట్టలూ మాత్రమే. ఈ బండి ఎత్తు ఎక్కువ, సముద్రం పక్క రోడ్ల మీద పక్కగాలికి ఊగుతుంది, బరువు కింద ఉంటే నిలకడగా నడుస్తుంది.

మీలో ఎవరైనా ఇప్పటికే బండి తెచ్చుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చూస్తుంటే, ఈ ఆదివారం ఏమీ కొనకండి. నేల మీది తివాచీ మడిచి, ప్లైవుడ్ కింద టార్చి వేసి చూడండి. అక్కడేం కనిపించిందో నాకు రాయండి, ఫొటో కూడా పంపండి. వచ్చేనెల టెంటు గుడ్డ మార్చే పని మొదలుపెడుతున్నాను, ఆ ముచ్చట్లతో పాటు మీ బండి సంగతీ మాట్లాడుకుందాం.